పెద్దమ్మ బడిలో మొండి శిష్యుడు

ఆ ఇంటి ముందు భాగం కళ్ళజోళ్ళ దుకాణం, వెనుక భాగం కాపురం. రెండింటి నడుమ ఒక గోడ, ఆ గోడకొక తలుపు. దుకాణం నడిపే పెద్దమనిషిని వీధివారందరూ అద్దాలాయన అనేవారు. చీమ తలకాయంత అక్షరాన్ని కూడా ఎదుటివారి చేత చదివించగల ఆ మహానుభావునికి, తన ఇంట మాట ఎప్పుడు అడుగంటిందో మాత్రం కనబడలేదు.

కనబడేసరికి ఆలస్యమైంది. లెక్కల పంతులమ్మగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఆయన ఇల్లాలు అప్పటికే తుపాకి పట్టింది.

భయపడనక్కరలేదు, తుపాకి కంప్యూటర్‌లోనిది. మెట్లు జారి మణికట్టు విరిగిన తరువాత, కట్టు విప్పిన వైద్యుడు "వేళ్ళు కదుపుతూ ఉండండమ్మా" అన్నాడు. కుట్టుపని చేసుకొమ్మని ఆయన భావం కావచ్చు. ఆవిడ మాత్రం, రెండు జట్లవారు పాడుబడిన కర్మాగారంలో ఒకరినొకరు వేటాడుకునే ఆన్‌లైన్ ఆట ఒకటి చేపట్టింది. మహా కఠినమైన ఆట అది. కొత్తగా వచ్చినవాడు గడపలో కాలు పెట్టేలోగానే పరమపదం చేరుకుంటాడు. చంపినవాడు ఎటునుంచి చంపాడో తెలియదు. పైపెచ్చు, చచ్చినందుకు సొంత జట్టువాళ్ళే తిట్టిపోస్తారు.

పంతులమ్మ మొదట చచ్చింది, పిదప చంపింది, ఆ పిదప బడి పెట్టింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? తిట్లు తిని ఒక మూల ముడుచుకున్న కొత్తవాళ్ళను చేరదీసి, సాయంకాలం కాగానే పాఠం మొదలుపెట్టేది. వాళ్ళందరికీ ఆవిడ పెద్దమ్మ. ఎవరి తప్పును బట్టి వాళ్ళకు ఆవిడ ఒక ముద్దుపేరు పెట్టింది.

ఆ పాఠం గోడ దాటి దుకాణంలోకి వినవచ్చేది.

"తొందరయ్యా! పరుగెత్తకురా నాయనా. నీ బూట్ల చప్పుడు విని వాళ్ళు లేచి ఎదురొస్తారు. చావడానికి వెళ్తూ ముందుగా కబురు పెట్టేవాణ్ణి నిన్నే చూశాను!"

"ఒరే గోడచాటూ, అదే మూలనుంచి మళ్ళీ తొంగిచూడకు. మొదటిసారి చూసినవాడు రెండోసారికి గురి పెట్టుకుని కూర్చుంటాడు. మొహం నీదేగా, కాస్త జాగ్రత్త చేసుకో."

"సారీయమ్మా, నువ్వు మళ్ళీ మనవాణ్ణే కాల్చావు. ఫర్వాలేదులే, గురి మాత్రం బాగా కుదిరింది!"

ఆ వెంటనే నవ్వు. అద్దాలాయన మెత్తని గుడ్డతో తుడిచిన అద్దాన్నే మరల తుడుస్తూ, గోడకు చెవి ఆనించి వినేవాడు. ఆ నవ్వు ఈ ఇంటిలో పుట్టినదే, అయినా ఆయనకు పరాయి ఊరి సంగీతంవలె తోచేది.

భోజనాల బల్ల దగ్గర మాత్రం ఆవిడ మరొక మనిషి.

"కూర బాగుందోయ్."

"ఊ."

"రేపు వాన పడేట్టుంది."

"ఊ."

సంవత్సరాల తరబడి ఆవిడ మాట్లాడుతూ ఉంటే వార్తాపత్రిక చాటునుండి ఆయన విత్తినవి ఈ ఊకారాలే. అవే ఇప్పుడు ఏపుగా పెరిగి కంకి వేశాయి. ఎవరి పంట వారు కోసుకోవలసినదే కదా.

చివరకు అద్దాలాయన ఒక పన్నాగం పన్నాడు. భార్యతో మాటకు నోచుకోని మొగుడు శిష్యుడైతే నోచుకోవచ్చును! కంటి పరీక్ష చేసే చీకటి గదిలో కంప్యూటర్ ఉండనే ఉన్నది. అమాయకుడు అని పేరు పెట్టుకుని, గొంతు వినిపిస్తే గుట్టు రట్టవుతుందని మైకు లేదని చెప్పి, గోడకు ఇవతలినుండి గోడకు అవతలనున్న బడిలో చేరాడు. సొంత ఇంటిలోనే అజ్ఞాతవాసమన్నమాట.

"మాట్లాడలేకపోతే ఏం నాయనా, రాయి. చదువుకుంటాను," అన్నది పెద్దమ్మ. ఆ "నాయనా" వినగానే అద్దాలాయనకు కన్ను చెమర్చింది. రెప్ప వేసి తీసేలోగా ఎవరో కాల్చి చంపారు.

"కుడివైపు మెట్లెక్కు," అన్నది ఆవిడ మరునాడు.

"ఎడమవైపు దగ్గర కదా?" అని రాశాడు ఆయన. రాస్తూ ఉండగానే చచ్చాడు.

"దగ్గరే. చావుకి కూడా అదే దగ్గర. మళ్ళీ రా."

"చూద్దాం," అని రాసి, మళ్ళీ చచ్చాడు.

అయినను ఆవిడ విసుక్కోలేదు. కాపురంలో అటువంటి ఓర్పు ఆయన ఎరుగడు. తుపాకిని నేలచూపు చూడనీయక, మనిషి తల ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తున ముందే నిలుపుకోవడం నేర్పింది. చప్పుడును బట్టి మనిషి జాడ పట్టే శబ్దవేధి విద్య నేర్పింది. తూటాలు నింపుకునే ముందు గోడ చాటుకు చేరమని చెప్పి చెప్పి నేర్పింది. జీవితమంతా సన్నని అక్షరాలు చూసిన కన్ను ఆయనది. దూరాన కిటికీలో కదిలిన నీడ కూడా ఇట్టే దొరికిపోయేది. ఒక సాయంకాలం ఆయన వరుసగా ఎదుటి జట్టునంతా పడగొట్టాడు.

"శభాష్ అమాయకుడూ! ఇంకొన్నాళ్ళలో నిన్ను కూడా పంపేయొచ్చు."

ఎక్కడికి పంపడమని ఆయన కంగారుగా రాశాడు.

"పెద్ద జట్టులోకి. నా బడికి ఒకటే కట్టుబాటు. ఆట వచ్చినవాడికి ఇక్కడ చోటు లేదు, రానివాడికే చోటు. తొందరయ్య కూడా నిన్ననే వెళ్ళిపోయాడు. ఇప్పుడు నడిచి వెళ్తున్నాడు, బంగారం!"

అద్దాలాయన గుండె జారి నేలను పడింది. చదువు వస్తే గురువు పోతుంది! ఆనాటినుండి ఆయన విద్యను దాచుకోవడానికి నడుం బిగించాడు. ఎదుట నిలిచిన శత్రువును వదలి పైకప్పును కాల్చాడు. తలుపు ఉండగా కిటికీలోంచి దూకాడు. బాంబు శత్రువుపైకి విసరవలసి ఉండగా తన కాళ్ళ దగ్గర వేసుకుని, పారిపోకుండా దానిని తదేకంగా చూస్తూ నిలుచున్నాడు. మంచి ఆటగాడు చెడ్డ ఆట ఆడటం ఎంత కష్టమో ఆడినవారికే తెలుస్తుంది. ఒక్కొక్కప్పుడు ఆయన చేయి మాట వినక శత్రువును కూల్చేది. వెంటనే "పొరపాటున తగిలింది" అని రాసి, క్షమాపణగా ఏ బావిలోనో దూకేవాడు.

ఒకనాడు రొట్టెల దుకాణంవాడు కళ్ళు చూపించుకుందామని వచ్చి, చీకటి గదిలో కుర్చీ ఎక్కాడు. అద్దాలాయన ఒక కన్ను కంప్యూటర్‌పైనా, ఒక కన్ను రోగిపైనా ఉంచి పరీక్ష మొదలుపెట్టాడు.

"ఆ పై వరసలో ఏముంది?"

"మసగ్గా ఉందండీ."

"తల దించు! వెనక మనిషున్నాడు!"

రొట్టెలవాడు కుర్చీ దిగి బల్ల కింద దూరాడు. "ఎవరండీ? దొంగలా?"

"లేదు లేదు, కూర్చో. కింది వరస చదువు. అబ్బ, చచ్చాను!"

"అయ్యో, డాక్టర్ని పిలవనా?"

"అక్కర్లేదు, ఇప్పుడే మళ్ళీ పుడతాను."

రొట్టెలవాడు చేతికి అందిన కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళిపోయాడు. అది ఇంకొకరి కళ్ళజోడు. దానితో ఒక వారం పాటు అతడు చేసిన రొట్టెలు ఒకటి గంపంత, ఒకటి గోలీ అంత వచ్చాయని వీధి వీధంతా చెప్పుకున్నది.

విచిత్రమేమిటంటే, భోజనాల బల్ల దగ్గర ఆవిడ నోరు మెల్లగా విచ్చుకున్నది. అయితే మాట్లాడేది ఒక్కరిని గురించే.

"మా బడిలో అమాయకుడని ఒకడున్నాడండీ. పాపం, ఎంత చెప్పినా రావట్లేదు."

"మందమతి అయ్యుంటాడు. వదిలెయ్యరాదూ?"

"మందమతి కాదు, మొండివాడు. ఇంట్లో ఎవరూ పలకరించరేమో. పాఠం అయిపోయినా వెళ్ళడు. ఏదో ఒకటి రాస్తూనే ఉంటాడు."

"అంత జాలేమిటి వాడి మీద? నాకు పొద్దున్నించీ తుమ్ములు. ఒక్కసారైనా అడిగావా?"

"మీకేం, మీరు రాజాలా ఉన్నారు. వాడికే ఎవరూ లేరు." ఆవిడ మజ్జిగ గిన్నె ఆయన వైపు జరిపి లేచింది.

తనమీద తానే ఈర్ష్య పడిన మగవాడు లోకంలో ఇంకెవడైనా ఉన్నాడో లేదో గాని, అద్దాలాయనకు ఆ రాత్రి అమాయకుడి పీక నులమాలనిపించింది. గోడకు అటూ ఇటూ గురుశిష్యులు. బల్లకు అటూ ఇటూ, ఒకే బండిలో ఎదురెదురుగా కూర్చున్న ప్రయాణికులు.

గోడచాటు వెళ్ళిపోయాడు, సారీయమ్మ వెళ్ళిపోయింది. బడి ఖాళీ అయి అమాయకుడొక్కడే మిగిలాడు. సాయంకాలమంతా ఆవిడ కంఠం ఆయనకొక్కనికే! ఆ కర్మాగారంలో తుప్పుపట్టిన యంత్రాల నడుమ ఇద్దరూ వట్టినే నడిచేవారు. ఆవిడ ఏ మూలలో ఏ ప్రమాదమో చూపించేది. చూపించడానికి ఏమీ లేనప్పుడు, బడిలో పిల్లల సంగతులో, తాను చిన్ననాడు నేర్చిన పద్యాల సంగతో చెప్పేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన వినని సంగతులు అవి. బహుశా విన్నాడేమో, పత్రిక అడ్డం వచ్చింది.

"తరవాత?" అని రాసేవాడు. "అప్పుడేమైంది?" అని రాసేవాడు. వేళ్ళు నొప్పి పుట్టేదాకా రాసేవాడు.

అంతలో పిడుగు పడింది.

"రేపు నీకు పరీక్ష నాయనా," అన్నది ఆవిడ. "నువ్వూ నేనూ, ఒకరి మీద ఒకరు. నువ్వు గెలిస్తే పాసయినట్టు, పెద్ద జట్టులోకి వెళ్ళిపో. ఓడిపోయావనుకో, బడి మూసేస్తాను. ఇంతమందికి నేర్పి నీకు నేర్పలేకపోయానంటే లోపం నాదే కదా."

అద్దాలాయన ఆ రాత్రి ముద్ద మింగలేదు. గెలిస్తే ఆవిడ ఉండదు, ఓడితే బడి ఉండదు. లెక్కల పంతులమ్మ వేసిన చిక్కులెక్క! ఎటు తీసినా శేషం సున్న.

మరునాటి సాయంకాలం కర్మాగారపు నడివాకిట ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆయన కాల్చలేదు. ఆవిడా కాల్చలేదు. ఆయన పక్కకు జరిగితే ఆవిడా జరిగింది. పైన ఎక్కడో విరిగిన రేకు గాలికి కొట్టుకుంటున్నది. రెండు తుపాకులు పట్టుకుని, ఇద్దరు మనుషులు అంత పెద్ద శూన్యంలో కదలక మెదలక నిలుచున్నారు. ఆటలో మరుక్షణం చావు తప్పని చోట అంతసేపు ఎవరూ ఎప్పుడూ బ్రతికి ఉండరు.

"కాల్చు నాయనా," అన్నది ఆవిడ.

"చూద్దాం," అని రాశాడు ఆయన.

"ఏం చూస్తారు, నా మొహం! పొయ్యి మీద పులుసు మరుగుతోంది. ఆ చీకటి గదిలో ఫ్యాను కూడా వేసుకోకుండా చెమటలు కక్కుతూ ఎంతసేపు కూర్చుంటారు? కాల్చండి!"

అద్దాలాయన అదిరిపడ్డాడు. వేలు కూడా అదిరింది. తుపాకి పేలి, పెద్దమ్మ నేలకొరిగింది. తెరమీద పెద్ద పెద్ద అక్షరాలతో అమాయకుడు విజేత అని పడింది.

గోడలోని తలుపు తెరుచుకున్నది. చేత గరిటెతో పరాజితురాలు ప్రవేశించింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు ఆయన కుర్చీలో కుంచించుకుపోతూ.

"మొదటిరోజే. కుడికి వెళ్ళమంటే ఎడమ దగ్గర కదా అనేవాడు ఈ లోకంలో ఇంకొకడుంటే, వాడి పెళ్ళానికి నా సానుభూతి."

"మరి చెప్పలేదేం?"

ఆవిడ గరిటెవైపు చూసింది. "చెప్తే మానేస్తారుగా."

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయారు.

"నేను ఏదైనా చెప్తే, తరవాత ఏమైందని మీరు ఎప్పుడైనా అడిగారా?" అన్నది ఆవిడ మెల్లగా. "అక్కడ అడిగారు. ఎన్నాళ్ళు అడుగుతారో చూద్దామనుకున్నాను."

"అలాంటప్పుడు పరీక్ష దేనికే మరి?"

"వచ్చిన విద్యని కావాలని పాడుచేస్తుంటే ఎన్నాళ్ళు ఊరుకుంటుందండీ పంతులమ్మ? పైగా నా మణికట్టు నొప్పెడుతోంది. ఆ హెడ్‌ఫోన్స్ తియ్యకండి, కొత్తవాళ్ళు వస్తున్నారు. బడి ఇకనుంచి మీది."

"నాదా?"

"పాసైనవాడు పాఠం చెప్పాలి. పెదనాన్న అని వాళ్ళకి ముందే చెప్పేశాను."

అంతలో ఆయన చెవుల్లో కేకలు మొదలయ్యాయి. పెదనాన్నా ఎటు పోవాలని ఒకడు, పెదనాన్నా నా తుపాకి ఏదని ఒకడు, ఏమీ అడగకుండానే చచ్చినవాడు ఒకడు. భార్య ఒక్క మాట మాట్లాడితే చాలునని కోరుకున్న మనిషికి దైవం ఇంతమంది నోళ్ళను ప్రసాదించింది. ఆవిడ మాత్రం పొయ్యి ఆర్పి వచ్చి, రోగులు కూర్చునే కుర్చీని ఆయన పక్కకు లాక్కుని తీరికగా కూర్చున్నది. కూర్చుని మాట్లాడసాగింది. పెదవులు కదులుతున్నాయి, చేతులు తిరుగుతున్నాయి, నడుమ నవ్వుతున్నది. ఎన్నాళ్ళనుండో వినాలని తపించిన మాటలు ఎదుటనే ప్రవహిస్తున్నవి, ఆయనకు ఒక్కటీ వినబడదు.

ఒక చెవిమీది డిప్పను పక్కకు తొలగించాడు. ఆ క్షణంలోనే రెండవ చెవిలో ఒకడు ఘొల్లుమన్నాడు. "పెదనాన్నా! మీరు చెప్పేలోపే చచ్చిపోయాను!"

"చచ్చినవాడివి కాసేపు నోరు మూసుకో నాయనా," అన్నాడు అద్దాలాయన. "మీ పెద్దమ్మ ఏదో చెప్తోంది."