చాటహూచీ రాజుగారి పదోన్నతులు

అమెరికా దేశంలో ఎవరికీ రాజబిరుదులు ఇవ్వరాదని వారి రాజ్యాంగమే శాసించింది. ఆ శాసనం పుణ్యమా అని, రాజులకు అక్కడ ఉన్నంత గిరాకీ భూప్రపంచంలో మరెక్కడా లేదు. 1978లో జార్జియా రాష్ట్రంలోని మా ఊరికి కూడా ఒక రాజుగారు అవసరమయ్యారు. దొరకలేదు. అందుకని తయారుచేశారు.

ఆ తయారీకి నేను ప్రత్యక్షసాక్షిని. నా పేరు రాధాకృష్ణ, ఎముకల డాక్టరుని. అల్ఫారెట్టా అంటే ఇంకా గుర్రాలూ మొక్కజొన్న చేలూ తప్ప మరేమీ లేని రోజుల్లో, దానికి దగ్గర్లో ఒక ఆసుపత్రిలో పనిచేసేవాణ్ని. బక్ హాలోవే అనే కార్పెట్ల ఫ్యాక్టరీ యజమాని నడుము నొప్పితో నా దగ్గరికి వచ్చాడు. నొప్పి తగ్గింది. ఆ కృతజ్ఞతతో నన్ను తన ఫుట్‌బాల్ జట్టుకు డాక్టరుగా వేసుకున్నాడు. అక్కడివాళ్ళు ఆ ఆటను సాకర్ అంటారు. దాన్ని గురించి హాలోవేకి తెలిసింది ఒక్కటే, దాన్ని గడ్డి మీద ఆడతారని. ఆయన ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ గడ్డి తయారవుతుంది. ఆ గడ్డిని జనానికి చూపించడానికి పెట్టిన జట్టు పేరు, అక్కడి నది పేరు కలిపి, చాటహూచీ రాయల్స్.

రాయల్స్ అన్నాక అందులో ఒక్కడైనా రాచబిడ్డ ఉండాలి కదా. ఇంగ్లండు నుంచి ఒక ఆటగాణ్ని తెప్పించారు. పేరు డెస్మండ్ టియర్నీ. ముప్ఫై దాటిన మనిషి, బక్కపలచన. ముక్కు ఎప్పుడో విరిగి తనకిష్టమైన దిక్కుకు తిరిగి అతుక్కుంది. ఇంగ్లండులో రెండో తరగతి జట్లలో ఏళ్ళ తరబడి డిఫెండరుగా ఆడాడు. చిక్కల్లా అతను ఇంగ్లీషువాడు కాకపోవడమే. ఐర్లండు మనిషి. వాటర్‌ఫర్డ్ రేవులో మూటలు మోసిన కూలీ కొడుకు.

ఆ సంగతి అతను మొదటిరోజే విన్నవించుకున్నాడు.

"మిస్టర్ హాలోవే, నేను ఐరిష్‌వాణ్ని. మాకు రాజుల్లేరు. ఉన్న రాజుని వదిలించుకోవడానికి మా తాత తుపాకి పట్టాడు."

"చాలా సంతోషం," అన్నాడు హాలోవే. "నీ తల చుట్టుకొలత ఎంత? కిరీటం చేయించాలి."

విలేఖరుల సమావేశంలో ఒకాయన వినయంగా, "తమ నివాసానికీ ఇంగ్లండు రాజప్రాసాదానికీ ఎంత దూరం?" అని అడిగాడు. "మధ్యలో సముద్రం ఉంది," అన్నాడు టియర్నీ. మర్నాడు పేపర్లో, 'సముద్రతీరం దాకా ఎస్టేటు గల ప్రభువు మన జట్టులో' అని పడింది. పక్కనే నా ఫోటో. నా పేరు కింద 'మహారాజుల ఆస్థాన వైద్యుడు' అని రాశారు.

మా ఆవిడ సుమతి ఆ పేపరు రెండుసార్లు చదివింది. "మామయ్యగారు తెనాలిలో హోమియో మందులిచ్చేవారు కదండీ, ఈ మహారాజులు ఎప్పుడొచ్చారు?" అంది.

"ఊరుకో. పేపర్లో పడింది," అన్నాను.

ప్రతి ఆటకూ ముందు టియర్నీ మఖ్మల్ అంగీ తొడుక్కుని, కిరీటం పెట్టుకుని, గుర్రబ్బండిలో మైదానమంతా తిరిగేవాడు. జనం చేతులూపేవారు. తర్వాత అతను ఆ వేషం విప్పేసి ఆడేవాడు. అది మాత్రం నిజమైన ఆట. అవతలివాడు ఎటు వెళ్దామనుకుంటున్నాడో వాడికన్నా ముందే తెలిసినట్టు అక్కడికి వెళ్ళి నిలబడేవాడు.

"ఈ వేషం నీకు కష్టంగా లేదా?" అని ఒకసారి అడిగాను.

"అక్కడ నన్ను ముసలివాడన్నారు డాక్టర్. వీళ్ళు ఆడుకోనిస్తున్నారు. దానికోసం ఏనుగు తొండం తగిలించుకోమన్నా తగిలించుకుంటాను."

అయితే హాలోవే గడ్డి అట్టే రోజులు ఆడుకోనివ్వలేదు. దాని కింద సిమెంటు. పడ్డవాడు లేచేసరికి మోకాలి చర్మం సగం అక్కడే ఉండిపోయేది. 1981లో టియర్నీ కుడి మోకాలు పూర్తిగా పోయింది. నేను హాలోవే దగ్గరికి వెళ్ళి, ఆ గడ్డి ఆటగాళ్ళ మోకాళ్ళు తినేస్తోందని చెప్పాను.

"డాక్టర్, ఆ గడ్డి పచ్చగా ఉందా లేదా?"

"ఉంది."

"నడివేసవిలో కూడానా?"

"వేసవిలో కూడా."

"మరి నా గడ్డి తన పని తాను చేస్తోంది. మోకాళ్ళ సంగతి మోకాళ్ళే చూసుకోవాలి."

మర్నాటి ప్రకటనలో మోకాలి ప్రస్తావన లేదు. 'రాజుగారు సింహాసనం అధిష్ఠించారు' అని ఉంది. అంటే కోచ్‌గా వేశారు. సింహాసనం అంటే మైదానం పక్కన బల్ల. ఆ బల్ల మీద ఊతకర్రతో కూర్చుని అతను ఆ జట్టుకు ఆట నేర్పాడు. బంతి దొరికితే చాలు గాల్లోకి తన్నే కుర్రాళ్ళు, తలెత్తి పక్కవాణ్ని చూడడం మొదలుపెట్టారు. మరుసటి ఏడు లీగులో సెమీఫైనల్ దాకా వెళ్ళారు. అంతలో జట్టు మేనేజరు హాలోవేతో పోట్లాడి వెళ్ళిపోయాడు. టియర్నీకి మరో పదోన్నతి లభించింది. ఇక కోచ్ అతనే, మేనేజరూ అతనే. విమానం టిక్కెట్లు కొనేదీ, చొక్కాలు ఉతికించేదీ కూడా అతనే.

1984లో లీగు మూతపడే సూచనలు కనబడ్డాయి. హాలోవేకి విచారం కలగలేదు. అప్పటికి చుట్టుపక్కల రాష్ట్రాల స్టేడియాలన్నిటా ఆయన గడ్డి పరుచుకుంది. "ఇంక జట్టు దేనికి?" అన్నాడు.

ఆ వారం మైదానానికి వెళ్తే, కూలీలు గడ్డిని చాపలా చుట్టి లారీ ఎక్కిస్తున్నారు. టియర్నీ కుంటుతూ వెళ్ళి ఒక కొస పట్టుకున్నాడు.

"నీకెందుకీ పని?" అన్నాను.

"వాళ్ళకి చేతులు చాలడం లేదు," అన్నాడు. నా వైపు తిరగలేదు.

అతను ఒక చెప్పుల దుకాణంలో పనికి కుదిరాడు. గ్రీన్ కార్డు ఉంది, తిండికి లోటు లేదు. కానీ దుకాణానికి ఎప్పుడు వెళ్ళినా బూట్ల పెట్టెలను మైదానంలో ఆటగాళ్ళలా పేర్చి చూసుకుంటూ కనబడేవాడు. చూడలేక అతన్ని మా తెలుగు సంఘానికి తీసుకువెళ్ళాను.

సంఘాధ్యక్షుడు డాక్టర్ కొండల్ రావు. వరంగల్ మనిషి, గుండె వైద్యుడు. ఇరుగుపొరుగు తెల్లవాళ్ళ పిల్లలు సాకర్ ఆడుతున్నారు కనుక మన పిల్లలూ ఆడి తీరాలని ఆయన అప్పటికే నిశ్చయించుకున్నాడు.

"కోచ్ ఇంగ్లండాయనేనా?" అని అడిగాడు.

"ఐర్లండు."

"పక్కపక్కనే కదా. బ్యానర్ మీద ఇంగ్లండ్ అని రాయిద్దాం. పేరెంట్స్ ఇంప్రెస్ అవుతారు."

ప్రారంభసభలో ఆయన గంభీరంగా ప్రకటించాడు. "మన జట్టులో కులం లేదు, ప్రాంతం లేదు, హోదా లేదు. ప్రతిభ ఒక్కటే ప్రమాణం." చప్పట్లు మోగాయి. వెంటనే ఆయన కొడుకు రాజ్‌ను ఏకగ్రీవంగా కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. రాజ్ మంచి పిల్లవాడు. బంతి తన వైపు వస్తే మర్యాదగా పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవాడు.

మా ఆసుపత్రిలో నాగమణి అనే నర్సు ఉండేది. భర్త పోయాక కూతురు రేణును ఒక్కతే పెంచుకుంటోంది. సంఘం విందులకు వస్తే, డాక్టర్ల భార్యలు ఎంతో ఆప్యాయంగా పలకరించి వంటగదిలోకి పంపేవారు. శనివారాలు డ్యూటీ పడితే రేణును మైదానం దగ్గర దింపి వెళ్ళేది. ఒక శనివారం టియర్నీ ఆ పిల్ల వైపు బంతి దొర్లించాడు. ఆమె తన్నింది. ఆ బంతి వెళ్ళిన వైపు అతను కాసేపు చూస్తూ ఉండిపోయాడు.

"పేరేమిటి?"

"రేణు."

"వచ్చేవారం బూట్లు తెచ్చుకో, రేణు."

ఆ సీజన్లో మా జట్టు కౌంటీ పోటీల్లో ఫైనల్‌కు వచ్చింది. వేసిన గోల్స్‌లో చాలావరకు రేణువే. రాజ్ బల్ల మీద కూర్చుని హాయిగా కామిక్స్ చదువుకునేవాడు. అతనికి ఏ బాధా లేదు. బాధంతా తండ్రిది. ఫైనల్‌కు ముందురోజు కొండల్ రావు ఇంటి బేస్‌మెంట్‌లో అత్యవసర సమావేశం జరిగింది.

"కోచ్‌గారూ," అన్నాడాయన, "ఆడపిల్లలు నిక్కర్లేసుకుని మగపిల్లలతో ఆడడం మా కల్చర్‌లో లేదు."

"మీ పెద్దమ్మాయి టెన్నిస్ ఆడుతుందిగా?"

"టెన్నిస్ వేరు."

"ఎలా వేరు?"

"ఆ క్లబ్‌లో మెంబర్‌షిప్ దొరకడమే కష్టం."

"ప్రతిభే ప్రమాణం అని మీరే అన్నారు."

"అన్నాం. ఇప్పుడూ కాదనడం లేదు. రాజ్‌కి ప్రతిభ వచ్చేవరకు మీరు కొంచెం ఓపిక పట్టాలి."

ఈ కబురు నాగమణి చెవిన పడింది. మర్నాడు పొద్దున యూనిఫాంలోనే మైదానానికి వచ్చి నాతో, "డాక్టర్‌గారూ, మా పిల్ల మూలంగా ఆయన పని పోతుందంట. నేను మాన్పించేస్తాను. మీరైనా ఆయనకి చెప్పండి," అంది. నేను టియర్నీకి చెప్పాను.

"రేణు ఇవాళ ఆడుతుంది. ఆడించడం నా పని," అన్నాడు. "నన్ను తీసెయ్యడం వాళ్ళ పని. ఎవరి పని వాళ్ళం చేసుకుందాం."

రేణు ఆడింది. కప్పు గెలిచాం. ఫోటోలో కప్పు కొండల్ రావు చేతిలో ఉంది. ఆ తర్వాతి వారమే కార్యవర్గం తీర్మానం చేసింది: 'సాంస్కృతిక కారణాల దృష్ట్యా కోచ్‌గారి సేవలను సగౌరవంగా ముగించడమైనది.' నేను అభ్యంతరం చెప్పాను. నా అభ్యంతరాన్ని కూడా సగౌరవంగా నమోదు చేయడమైనది.

కానీ ఆ ఫైనల్ చూసినవాళ్ళలో స్థానిక హైస్కూలు ప్రిన్సిపాల్ ఉంది. ఓడిపోయిన జట్టులో ఆమె మేనల్లుడు ఆడాడు. ఆ అబ్బాయిని అంత అందంగా ఓడించిన కోచ్ ఎవరా అని వాకబు చేసి, తమ స్కూలు బాలికల జట్టును టియర్నీ చేతిలో పెట్టింది. ఇంగ్లండా ఐర్లండా అని ఆమె అడగలేదు. అతనికది కొత్తగా ఉండి, రెండు మూడు రోజులు అనుమానపడ్డాడు. హైస్కూలు వయసు రాగానే రేణు కూడా ఆ జట్టులో చేరింది. 1989లో వాళ్ళు రాష్ట్ర ఛాంపియన్లయ్యారు. రేణు ఫోటో పేపర్లో పడింది. ఒక యూనివర్సిటీ ఆమెను స్కాలర్‌షిప్ ఇచ్చి మరీ పిలిచింది.

పేపర్లో పడ్డాక సంఘం ఊరుకుంటుందా? ఘనసన్మానం ఏర్పాటైంది. నాగమణిని వంటగదిలోంచి పిలిచి మొదటి వరసలో కూర్చోబెట్టారు. ఆమె పక్కన కొండల్ రావు తల్లి రాజేశ్వరమ్మగారు. హనుమకొండ నుంచి ఆరు నెలల కోసం వచ్చారు. టియర్నీకీ రేణుకూ శాలువాలు కప్పారు.

కొండల్ రావు మైకు అందుకున్నాడు. "ఆడపిల్లల్ని ఆటల్లో ప్రోత్సహించడం మన సంస్కృతి. ఈ మాణిక్యాన్ని గుర్తించింది మన సంఘం. ఈ ఇంగ్లండు కోచ్‌గారిని తెచ్చిందీ మన సంఘమే. రేణు ఆడుతుంటే మైదానం గీత పక్కన నిలబడి ప్రతి శనివారం నేను ఎట్లా ఎంకరేజ్ చేసేవాణ్నో కోచ్‌గారే చెప్తారు." చెప్పి మైకు అతని చేతికిచ్చాడు.

టియర్నీ శాలువా సర్దుకున్నాడు. "నిజమే," అన్నాడు ఇంగ్లీషులో. "రేణు కాలికి బంతి తగిలినప్పుడల్లా ప్రెసిడెంటుగారు పక్కనున్న తండ్రులతో ఒక మాట అనేవారు. అర్థం తెలియదు గానీ, అన్నిసార్లు విన్నాక నాకు కంఠతా వచ్చింది. మీ భాషలో నాకు వచ్చింది ఆ ఒక్క ముక్కే. ఈ శుభసందర్భంలో రేణు గౌరవార్థం అదే చెబుతాను."

గొంతు సవరించుకుని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"దీన్ని ఇంటికి పంపితే గని మనోడు ఆడడు."

రేణు శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. టియర్నీ ముఖంలో అమాయకత్వం తప్ప ఏమీ లేదు. ఆ ముఖాన్ని పదేళ్ళకు పైగా ఎరిగిన నేను కూడా అది అమాయకత్వమో కాదో ఇదమిత్థమని చెప్పలేను. కొండల్ రావు చప్పట్లు కొట్టబోయి, చేతులు సగంలో ఆపేశాడు.

రాజేశ్వరమ్మగారు మాత్రం ముచ్చటపడిపోతూ నాగమణి వైపు వంగారు.

"చూసినవా బిడ్డా, తెల్లాయన ఎంత మంచిగ పట్టిండో. అచ్చం మా కొండలు అన్నట్టే ఉన్నది."