క్షమాపణ చెప్పిన నక్కకు సన్మానం

ఒక పెద్ద అడవిలో టీవీ ఉండేది. టీవీ ఉన్నాక నక్క లేకుండా ఉంటుందా? పాతికేళ్ళ కిందట కోటిలింగం అనే నక్క ‘పొట్టచెక్కలు’ అని హాస్య కార్యక్రమం చేసి మహా పేరు తెచ్చుకుంది. కొంగ వస్తే దాని నత్తి, ఏనుగు వస్తే దాని ఒళ్ళు, ఎలుగుబంటి వస్తే దాని నలుపు. అంతకుమించి సరుకు లేదు పాపం. అడవంతటికీ కంఠతా వచ్చిన జోకు మాత్రం ఒకటే: “ఎలుగమ్మా, కరెంటు పోయింది, ఎక్కడున్నావో తెలియట్లేదు. కాస్త పళ్ళికిలించు!”

ఇప్పుడు ఛానల్ నడిపే కోతి కొత్తవి తీసే ఓపిక లేక ఆ పాతవే మళ్ళీ వేయడం మొదలుపెట్టింది. అప్పట్లో ఆ జోకు వేయించుకున్న ఎలుగుబంటి పేరు మాణిక్యమ్మ. ఆమె కూతురికి ప్రాణం మీదికొచ్చింది. బడిలో నోరు తెరవడమే మానేసింది. తెరిస్తే పళ్ళు కనిపిస్తాయి, కనిపిస్తే తోటిపిల్లలు కరెంటొచ్చిందని చప్పట్లు కొడతారు.

మాణిక్యమ్మ ఛానల్ ఆఫీసుకెళ్ళి ఆ ఒక్క జోకూ తీసేయమంది. అక్కడే ఉన్న నక్క తెగ నొచ్చుకుంది. మా రోజుల్లో అందరూ సరదాగా తీసుకునేవాళ్ళు, నువ్వూ నవ్వావు కదా అంది.

“నవ్వానండీ. నవ్వకపోతే నన్ను చూసి ఇంకా నవ్వుతారని నవ్వాను.”

కోతి బుర్ర గోక్కుంది. తీసేస్తే చూసేవాళ్ళు పోతారు, ఉంచితే గొడవ. చివరికి క్షమాపణ సభ పెట్టి అడవంతా ప్రత్యక్ష ప్రసారం చేసింది. దేనికి క్షమాపణో తెలియాలి కదా అని ముందు జోకు వేస్తారు, తర్వాత నక్క చేతులు జోడిస్తుంది. అలా పాతికేళ్ళ జోకులన్నీ ఒక్క పూటలో వేసేశారు. మధ్యమధ్యలో తేనె ప్రకటనలు. జనం పడీపడీ నవ్వారు. నక్కది ఎంత పెద్ద మనసో అన్నారు. పెద్ద మనసు కనిపిస్తే శాలువా కప్పకుండా మనం ఊరుకోం కదా! ఆ శాలువా మాణిక్యమ్మ చేతే కప్పించాలని కోతి ఆమెను వేదిక మీదికి పిలిచింది.

ముందు వరుసలో కూతురు నోరు బిగించుకుని కూర్చుంది. మాణిక్యమ్మకి ఒళ్ళు మండిపోయింది. శాలువా తన భుజాన వేసుకుని మైకు తీసుకుంది.

“కోటిలింగం గారూ, ఆ జోకు నాకెప్పుడూ అర్థం కాలేదు. కాస్త వివరించండి.”

“ఏముందమ్మా, కరెంటు పోతే చీకటి కదా…”

“అవును.”

“నువ్వేమో నల్లగా ఉంటావు.”

“ఉంటాను. అయితే?”

“అయితే… కనిపించవు.”

“చీకట్లో మీరూ కనిపించరుగా. మరి నవ్వెక్కడొస్తుంది?”

నక్క మళ్ళీ మొదటినుంచి చెప్పబోయి మధ్యలో ఆగిపోయింది. ఇందాక పొట్టలు పట్టుకున్నవాళ్ళంతా నేలచూపులు చూశారు. ప్రకటన వేయమని కోతి సైగ చేసేలోపే చిన్న ఎలుగు పళ్ళన్నీ కనిపించేలా పకపకా నవ్వేసింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మర్నాడే ఆ కార్యక్రమం ఆగిపోయింది. ఈ కాలం వాళ్ళకి హాస్యం బొత్తిగా అర్థం కాదని ఛానల్ వాపోయింది.

నీతి: జోకు ఎవరినీ నొప్పించదు, వివరించమంటే మాత్రం చెప్పినవాడి ప్రాణం తీస్తుంది.