పని ముగిసినా పోని ఎంజైము

రిటైరైన పెద్దలను ఇంటికి పంపడం ఘోరం! పాఠక మహాశయులారా, శాలువా కప్పించుకుని వాళ్లంతా నిజంగానే వెళ్లిపోతే ఈ దేశానికి సలహాలు ఎవరిస్తారు?

నమ్మకపోతే వనపర్తిలో ఒక కాలేజీ ల్యాబుకు రండి. రాజమౌళి సార్ హెడ్డుగా రిటైరై ఏడాదైంది. కుర్చీ మాత్రం వదల్లేదు. కొత్త హెడ్డు నిలబడే సంతకాలు పెడుతున్నారు. ఫ్రిజ్జు ఎప్పుడు తెరవాలో, టీలో చక్కెర ఎంత వేయాలో అన్నీ సారే చూస్తారు. జీతం లేకుండా ఇంత సేవ!

గద్వాల నేతవాళ్ల పిల్ల నిరోష అక్కడే పరిశోధన చేస్తోంది. ఆ రోజు ఆమెకు కాలు నిలవడం లేదు. నెలల తరబడి కష్టపడి తీసిన ప్రోటీను సాయంత్రం బస్సుకు హైదరాబాద్ పోవాలి. లేకపోతే అక్కడి మిషను మీద ఆమె వంతు పోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక.

ప్రోటీను దొరకాలని ముందు దానికో తోక తగిలిస్తారు. నికెల్ గొట్టంలో పోస్తే తోక ఉన్నది అతుక్కుంటుంది, చెత్త కిందికి కారుతుంది. దాన్ని గొట్టం నుంచి విడిపించి తీశాక, ఒక ఎంజైము ఆ తోక కత్తిరిస్తుంది. కత్తిరించాక అక్కడే తిష్ఠ వేస్తే సరుకు పాడు! అందుకే ఎంజైముకూ ఒక తోక పెట్టారు. మళ్లీ అదే గొట్టంలో పోస్తే ఎంజైమూ తోకలూ లోపల చిక్కుతాయి, శుభ్రమైన ప్రోటీను కిందికి దిగుతుంది. పెళ్లయ్యాక పందిరి పీకేసినట్టన్నమాట. ఎంత అన్యాయం! పాపం, పనిచేసిన ఎంజైముకు ఒక్క సన్మానమైనా లేదు!

ప్రోటీను బీకరులోకి దిగింది. బస్సు టైము కనుక్కుందామని నిరోష ఫోనుతో బయటికి వెళ్లిందో లేదో, సార్ చేతులు సాయానికి ఉవ్విళ్లూరాయి. సర్వీసంతా ఆయన చెప్పిన పాఠం ఒక్కటే. కారింది చెత్త, అతుక్కున్నదే బంగారం! బీకరును సింకులో ఒంపి, కడిగి, బోర్లించారు. గొట్టంలో అతుక్కున్నదాన్ని విడిపించి శ్రద్ధగా ట్యూబులోకి పట్టారు.

"సూడు బిడ్డా, ఎంత మంచిగొచ్చిందో!"

నిరోష సింకు వైపు చూసింది. "సార్, గా కారిందే గదా నాకు గావాల్సింది! మీ చేతిలున్నది ఎంజైము!"

అయ్యా, ఇక దాచలేను. పని కాగానే ఎంజైమును సాగనంపే ఉపాయం సైన్సు కనిపెట్టింది. హెడ్డును సాగనంపే గొట్టం ఇంకా రాలేదు! ఏడవాలో నవ్వాలో తెలియక నిరోష స్టూలు మీద కూలబడింది. ఆ పిల్లను చూస్తే సార్‌కు నిజంగానే జాలేసింది.

"పరేషాన్ గాకు బిడ్డా, మల్లొక్కసారి చేద్దాం. రేపు జర జల్దే వస్త."