సుబ్బారావును దించిన వైనం

దశరథం పేరులో పది రథాలున్నాయి గానీ, నలభై రెండేళ్ళు వచ్చేదాకా ఆయన కింద రెండు చక్రాలకు మించి తిరగలేదు. తొంభై ఆరో సంవత్సరం ఎండాకాలంలో మాత్రం, ఎవరూ ఆపేలోపే ఒక కారు కొనేశాడు. ప్రాజెక్టు పని మీద వచ్చి దేశానికి తిరిగి వెళ్ళిపోతున్న ఓ జపాను ఇంజినీరు దగ్గర కొన్న పాత కారు అది.

అలాగని మామూలు కారు కాదు. పందేల్లో పరుగెత్తే రకం. పైగా ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. దాని కంపెనీ పేరు సరిగ్గా పలకగలిగినవాడు ఆ ఇంజినీరు ఒక్కడే. ఆయన విమానమెక్కాక ఆ పేరు నల్లగొండ నోళ్ళలో నానీ నానీ, రెండే రోజుల్లో సుబ్బారావుగా స్థిరపడింది.

"ఏందయ్యా దీని గొప్ప?" అంది దశరథం భార్య అమృతమ్మ, చీపురు చేత్తో పట్టుకునే.

"దీనియి నాలుగు చక్రాలు తిరుగుతయి."

అమృతమ్మ రోడ్డు మీద పోతున్న అంబాసిడర్ వంక చూసింది. "దానియి ఎన్ని తిరుగుతున్నయి?"

"నాలుగే."

"మరి?"

"దానియి రెండే తిరుగుతయి. కడమ రెండు ఊకెనే ఎంటబడి తిరుగుతయి."

"ఊకెనే తిరిగినా తిరిగినట్టే గద?"

దశరథం నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. తనకు బాగా తెలుసనుకున్న సంగతి ఆమెతో రెండు మాటలు మాట్లాడాక తెలియకుండా పోవడం ఆయనకు కొత్తేమీ కాదు.

"సమజైందిలే," అంది అమృతమ్మ. "మనింట్ల లెక్కనే. నేను తిరుగుత, నువ్వు ఎంటబడి తిరుగుతవు."

ఆ తర్వాత అసలు తీర్పు చెప్పింది. "నెల రోజులు చూస్త. ఈ సుబ్బారావు ఇంటికి పనికొస్తె ఉంటడు. లేకుంటె కాటమయ్యకు అమ్మెయ్యి."

కాటమయ్య బోరు బండ్ల ఆసామి. సుబ్బారావును చూసినప్పటి నుంచి రోజుకోసారి గేటు దగ్గర నిలబడి, పెళ్ళిచూపులకొచ్చిన వాడిలా తొంగిచూసి పోతున్నాడు.

ఎరువుల దుకాణంలో ఇరవై ఏళ్ళు కూర్చుని దశరథం తనకోసం తాను కొనుక్కున్న వస్తువు ఇదొక్కటే. లగ్గం నాటి చెప్పులు కూడా మామ కొన్నవే. ఈ కారు పోతే తనకంటూ ఏమీ మిగలదని ఆయనకు నిజంగా దుఃఖం వచ్చింది.

అయితే దుఃఖం వచ్చిన మనిషి ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. కారు అరలో జపాను పుస్తకం ఒకటి దొరికింది. అక్షరం ముక్క అర్థం కాకపోయినా అందులో ఒక బొమ్మ మాత్రం బాగా అర్థమైంది. అచ్చం తన సుబ్బారావే, కానీ పొట్ట నేలకు ఆనించినంత కిందికి దిగి, దూకబోయే పులిలా ఉన్నాడు. ఆ బొమ్మ చూశాక దశరథానికి అన్నం సయించలేదు.

మర్నాడు కారు కింద వెల్లకిలా పడుకుని టేపుతో ఎత్తు కొలుస్తుంటే అమృతమ్మ కాళ్ళు కనిపించాయి.

"కింద ఏం దేవులాడుతున్నవు?"

"ఏం లేదు. కారు జర దించుదామని."

"ఏడికి?"

"కిందికి."

"ఇప్పుడు మీదున్నదా?"

"స్ప్రింగులు కోయించి, ఒక జానెడు దించుత."

"గుంతల రోడ్లకు అందరు బండ్లను మీదికి లేపుకుంటాంటె నువ్వు దించుతవా? ఎందుకు?"

నిజం చెబితే ఆ సాయంత్రానికే సుబ్బారావు కాటమయ్య ఇంటి ముందు ఉంటాడు. దశరథం కారు కింద నుంచే, ముఖం కనబడదన్న ధైర్యంతో, చేతికందిన అబద్ధం ఆడేశాడు.

"మీ అమ్మ కోసం. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులాయె. ఎత్తు బండి ఎక్కలేదు. దించితె అల్కగ కూసుంటది."

దశరథం మెల్లగా తల బయటపెట్టాడు. అమృతమ్మ ముఖంలో ఉన్నది సంతోషమో, అనుమానమో పద్నాలుగేళ్ళ కాపురం తర్వాత కూడా ఆయనకు అంతుపట్టలేదు.

"మా అమ్మ మోకాళ్ళ సంగతి నీకు యాదికున్నదా?"

"ఎందుకుండదే!"

"అయితె దించు. దించినంక కేతేపల్లికి పోయి అమ్మను తోల్కొద్దాం. నెల రోజులుంటది."

అబద్ధం ఫలించిందో, తిరగబడిందో తేల్చుకోలేకుండానే దశరథం మెకానిక్ ఫక్రుద్దీన్ షెడ్డుకు బయల్దేరాడు. ఫక్రుద్దీన్ ట్రాక్టర్లకూ అంబాసిడర్లకూ పెట్టింది పేరు. ఏ బండి వచ్చినా ముందు సుత్తెతో ఒక దెబ్బ వేసి, ఆ తర్వాత రోగమేమిటని అడుగుతాడు. అందుకే ఊళ్ళో ఆయన్ను సుత్తె ఫక్రు అంటారు.

"ఫక్రు భాయ్, బండి దించాలె."

ఫక్రుద్దీన్ చుట్టూ చూశాడు. "దించుదాం సేట్. లారీ ఏడున్నది?"

"లారీ లేదు. ఈ బండే."

"ఇది దిగే ఉన్నది గద?"

"ఇంకా దించాలె."

"ఇంకా అంటె, కింద భూమే ఉన్నది సాబ్!"

స్ప్రింగుల సంగతి విడమరిచి చెప్పేసరికి దశరథం గొంతు ఎండిపోయింది. ఫక్రుద్దీన్ అంతా విని, "కోసుడు అల్కనే. మొదలు వెనక చక్రాల చప్పుడు చూస్త" అని వెనక భాగాన్ని రెండు జాకీల మీదికి లేపాడు. అంబాసిడర్‌కు చేసినట్టే ఇంజను నడిపించి, గేరు వేసి కిందికి దిగబోయాడు.

"భాయ్, దీనియి నాలుగు చక్రాలు తిరుగుతయి," అన్నాడు దశరథం.

"ఏ బండియైనా నాలుగే తిరుగుతయి సేట్. ముప్పై ఏండ్ల సంది చూస్తున్న. నాకు నేర్పకు."

ఆ మాట నోట్లో ఉండగానే ఆయన క్లచ్చి వదిలి బయటికి దూకాడు. వెనక చక్రాలు గాలిలో తిరిగితే తిరిగాయి గానీ, నేల మీదున్న ముందు చక్రాలు కూడా మేమున్నామంటూ తిరిగాయి. సుబ్బారావు జాకీల మీద నుంచి దబ్బున దిగి, ఎవరి మీదా కోపం లేనట్టు నింపాదిగా షెడ్డు దాటి, రోడ్డు దాటి, ఎదురుగా నిలిపిన ఎడ్ల బండిలోని జొన్న చొప్పలో ముక్కు దూర్చి ఆగిపోయాడు. ఎడ్లు వెనక్కి తిరిగి చూశాయి.

"సమజైంది సేట్," అన్నాడు ఫక్రుద్దీన్ పరుగెత్తి వచ్చి, రొప్పుతూ. "దీనియి నాలుగు తిరుగుతయి."

"గదే గద నేను చెప్పింది!"

"గట్ల చెప్తె ఎట్ల సమజైతది? మంచిగ చెప్పాలె గద!"

ఇక కోత మొదలైంది. ముందు స్ప్రింగులు రెండు చుట్లు కోస్తే సుబ్బారావు మంచం కింద చెప్పులు వెదికేవాడిలా వంగాడు. సరిచేద్దామని వెనకవి రెండున్నర కోస్తే చతికిలబడ్డాడు. మళ్ళీ ముందువి, మళ్ళీ వెనకవి. పొద్దు వాలేసరికి, "ఇంక కొయ్యనీకి స్ప్రింగు లేదు సేట్, ఉంగరాలు మిగిలినయి" అని ఫక్రుద్దీన్ చేతులు దులుపుకున్నాడు. నేలకూ కారుకూ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంది. అచ్చం పుస్తకంలోని బొమ్మే. దశరథానికి కళ్ళు చెమర్చాయి.

మర్నాడు పొద్దున భార్యాభర్తలు కేతేపల్లికి బయల్దేరారు. వీధి చివరి స్పీడుబ్రేకరు దగ్గరే సుబ్బారావు పొట్ట గీరుకుని కెవ్వుమన్నాడు.

"జర దిగు, బరువు తగ్గుతది," అన్నాడు దశరథం.

అమృతమ్మ దిగింది. కారు దాటింది. ఎక్కింది. ఆ దారిలో ఊరికో స్పీడుబ్రేకరు, బడికో స్పీడుబ్రేకరు. ఎందుకున్నాయో ఎవరికీ తెలియనివి మరికొన్ని. కేతేపల్లిలో ఆమె తల్లి నర్సింగమ్మ ఎదురొచ్చి, "ఎట్లొచ్చిన్రు బిడ్డా?" అంటే, "ఆయన కారుల వచ్చిండమ్మా. నేను కొంత కారుల, కొంత నడిచి వచ్చిన" అని చెప్పింది అమృతమ్మ.

తల్లీకూతుళ్ళు వంటింట్లోకి వెళ్ళి కాసేపు గుసగుసలాడుకున్నారు. తర్వాత నర్సింగమ్మ రెండు చేతులా మోకాళ్ళు పట్టుకుని, "అమ్మో, అయ్యో" అంటూ బయటికొచ్చింది. దశరథానికి తన అబద్ధం ఇంత నిజమైనందుకు ఒకపక్క ఊరట, మరోపక్క భయం కలిగాయి.

ముందు సీటులో ఆమె కూర్చుందనడం కంటే జారిపడిందనడం సబబు. అది పందెం కార్ల సీటు. రెండు పక్కలా లేచిన దిండ్లతో మనిషిని చంకల కింద పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. "ఎంత మంచిగున్నది అల్లుడా! మీ మామ గూడ నన్నెప్పుడు గింత భద్రంగ పట్టుకోలే," అంది నర్సింగమ్మ.

చిక్కు ఇల్లు చేరాక వచ్చింది.

"దిగు అత్తమ్మా."

"లేవొస్తలేదు అల్లుడా. బాయిల కూసున్నట్టున్నది."

దశరథం చెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె రాలేదు, ఆయన నడుములో ఏదో పటుక్కుమంది. అమృతమ్మ అవతలి తలుపులోంచి నెట్టింది. ఈలోగా వాడకట్టు ఆడవాళ్ళంతా చేరారు. ఒకామె కొబ్బరినూనె రాయమంది. ఇంకొకామె కారునే పక్కకు వంచమంది. నర్సింగమ్మ మాత్రం అందరినీ పలకరిస్తూ, అక్కడే ఛాయ తెప్పించుకుని తాగింది. వాలకం చూస్తే మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తినేలా ఉంది.

"ఎక్కనీకి దించినవు సరే," అంది అమృతమ్మ. "దించనీకి ఏం జేస్తవు?"

దించడం, ఎక్కడం, దిగడం అన్నీ కలిసి దశరథం బుర్రలో కలగాపులగం అయ్యాయి. చివరికి ఫక్రుద్దీన్‌కు కబురు పెట్టాడు. ఆయన వస్తూనే సుత్తె ఎత్తాడు.

"ఆగు భాయ్, లోపల మా అమ్మున్నది!" అని అమృతమ్మ కేకేసింది.

ఫక్రుద్దీన్ సుత్తె దించి, సీటు కిందికి తొంగిచూశాడు. "ఫికర్ జెయ్యకు చెల్లే. నాలుగు బోల్టులే. మనిషి రాకుంటె సీటే వస్తది."

అరగంటలో సీటు ఊడింది, నర్సింగమ్మతో సహా. దశరథం, ఫక్రుద్దీన్, దారిన పోయేవాళ్ళిద్దరు నాలుగు మూలలా పట్టుకుని ఊరేగింపుగా వసారాలోకి మోశారు. సంగతి తెలియని ముసలాయనెవరో దారిలో చెప్పులు విడిచి దండం పెట్టాడు కూడా.

సీటు నేలకు ఆనగానే ఎవరిదో మేక వచ్చి ఆరబోసిన బియ్యంలో మూతి పెట్టింది. నర్సింగమ్మ చెంగున లేచి, గేటు దూకినంత పని చేసి, మేకను వీధి చివరిదాకా తరిమి వచ్చింది.

దశరథం ఆమె మోకాళ్ళ వంక చూస్తూ ఉండిపోయాడు. "అత్తమ్మా, నొప్పులు?"

"నాకేడియి నొప్పులు? మా చెల్లెకున్నయి."

"మరి కారుల నుంచి ఎందుకు లేవలే?"

"నీ పెండ్లామే చెప్పింది. 'ఆయన నీకోసమని బండంత కోయించిండు. నొప్పుల్లేవంటె పాపం మనసు కష్టపెట్టుకుంటడు. జర కూలబడి ఉండు' అన్నది."

దశరథం అమృతమ్మ వంక తిరిగాడు. ఆమె గంభీరంగా బియ్యం చేటలోకి ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. అంటే ఆమెకు మొదటి రోజునుంచే అంతా తెలుసు. ఇక సుబ్బారావు పని అయిపోయిందని దశరథం లోపల కుమిలిపోయాడు.

సరిగ్గా అప్పుడే గేటు ముందు కాటమయ్య స్కూటరు ఆగింది. "ఏం దశరథం, ఇవ్వాళ ఏదో ఒకటి చెప్పాలె. నువ్వు ఇయ్యనంటె హైదరాబాదుల ఇంకో బండి చూసిన. కారు ఇస్తవా, ఇయ్యవా?"

ఒక సీటు లేని, పొట్ట గీరుకుపోయిన తన సుబ్బారావును ఒకసారి కళ్ళారా చూసుకుని, దశరథం లోపలికి వినబడేలా అడిగాడు.

"అమృతా, కాటమయ్య వచ్చిండు. కారు సంగతి ఏం జెప్పాలె?"

"కారు అమ్మకు!" అంది అమృతమ్మ వంటింట్లోంచి.

దశరథం తన చెవులను నమ్మలేదు. "మల్లొక్కసారి చెప్పు?"

"చెవుడొచ్చిందా? అమ్మకు అంటున్న గద, అమ్మకు!"

దశరథం ఛాతీ పొంగింది. "ఇన్నవు గద కాటమయ్యా. అమ్మకు అన్నది. ఇంక ఈ జన్మల మా ఇంట్ల మాట మారదు!"

కాటమయ్య విసురుగా స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు. దశరథం పరుగున వంటింట్లోకి వచ్చాడు. "అమృతా, నీ మనసు గింత పెద్దదని నాకు ఇన్నేండ్ల సంది తెల్వదు."

"పెద్దదేమున్నది, కన్నతల్లి కాదా?" అంది ఆమె పొయ్యి మీద నుంచి చూపు తిప్పకుండా. "సోమవారం, గురువారం చిన్నమ్మను దవాఖానకు తోల్కపోవాలె, దగ్గర అమ్మ ఉంటది. పున్నానికి అమ్మకు ఆలంపురం మొక్కున్నది. కడమ రోజులు చుట్టాలిండ్లకు."

"ఎవరు తోల్కపోతరు?"

"నువ్వే. కారు అమ్మకు అన్న గద."

"అమ్మకు అంటె... అమ్మొద్దని గాదా?"

ఈసారి నోరు తెరవడం అమృతమ్మ వంతయింది. రెండు క్షణాలు ఆలోచించింది. తర్వాత గరిటె పక్కన పెట్టి, గోడ పట్టుకుని, కడుపు చేత్తో నొక్కుకుని నవ్వింది.

"నేను మా అమ్మకు అన్న. అది గూడ నువ్వే కాటమయ్య ముందట సాక్ష్యంగ చెప్తివి, ఈ జన్మల మాట మారదని!" అని వసారాలోకి కేకేసింది. "అమ్మా, అల్లుడు కారు నీకే రాసిచ్చిండే!"

"నూరేండ్లు బతుకు అల్లుడా!" అంది నర్సింగమ్మ, పందెం సీటులో వెనక్కి వాలి.

దశరథం వాకిట్లోకి వచ్చి సుబ్బారావు పక్కన నిలబడ్డాడు. 'కారు అమ్మకు' అని నోట్లోనే ఒక అర్థంతో అనుకున్నాడు. ఇంకో అర్థంతోనూ అనుకున్నాడు. ఎలా అనుకున్నా కారు ఇంట్లోనే ఉంది. ఎలా అనుకున్నా తనది మాత్రం కాదు.

కాసేపటికి మెల్లగా వసారా మెట్టు దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రేపు బండి ఎన్ని గంటలకు తియ్యమంటవు అత్తమ్మా?"