వాగులో సన్మాన సభ

ఒక పెద్ద అడవిలో పెద్దవాళ్ళందరూ తమ పెద్దరికంతోనే తీరిక లేకుండా ఉండేవారు. అందుకని పిల్లల సంగతి చూసే పని ఒక ఎలుగుబంటి తన నెత్తిన వేసుకుంది. ఎవరూ చెప్పలేదు, తనే వేసుకుంది. అందరూ ఆమెను ఎలుగు పంతులమ్మ అని పిలిచేవారు.

ఆమె బడి వాగులో జరిగేది. ఎండాకాలంలో వాగు సన్నగా ఒక పక్కకు ఒదిగి పారుతుంది, మిగిలిందంతా మెత్తటి ఇసుక. పొద్దున్నే జింకపిల్లలు, కోతిపిల్లలు, దున్నదూడలు, కుందేలు కూనలు అన్నీ అక్కడ చేరేవి. ఉచ్చు వాసన ఎలా పట్టాలో, చెట్టెక్కడం వచ్చినవాడు రానివాడికి పండు ఎలా అందించాలో, గుంపు నీళ్ళు దాటేటప్పుడు ముందున్నవాడు ఎటు చూడాలో ఆమె నేర్పేది. మధ్యమధ్య పాటలు, బురద బొమ్మలు.

"నాయకుడంటే ముందు నడిచేవాడు కాదర్రా, అందరూ గట్టెక్కాక ఎక్కేవాడు" అని రోజూ చెప్పేది. పిల్లలకు అది నోటికి వచ్చేసింది. అర్థమైందో లేదో ఆమెకే అనుమానం.

బడి లేని రోజుల్లో ప్రతి వానాకాలం ఎవరో ఒకరి పిల్ల వాగులో కొట్టుకుపోయేది. ఆ తల్లి ఏడుపు అడవంతా వినపడేది. బడి పెట్టాక ఆ ఏడుపు ఆగింది. ఆగిపోయిన ఏడుపు ఎవరికీ గుర్తుండదు కాబట్టి, పంతులమ్మకు ఎవరూ కృతజ్ఞతలు చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

బడికి ఫీజు లేదు. పైగా మధ్యాహ్నం పిల్లలందరికీ ఆమే పళ్ళు పెట్టేది. అయితే ఆ ఏడు ఎండలు ముదిరి ఇప్పపూలు రాలలేదు, తునికిపళ్ళు కొమ్మ మీదే ఎండిపోయాయి. ఆమె ఒక్కతే ఎంత వెతికినా పిల్లలకు చాలడం లేదు. ఆకలికి తాళలేక పిల్లలు ఒక్కొక్కరే మానేయడం మొదలుపెట్టారు. వానలు పడేలోగా తిండి సంగతి తేలకపోతే బడి మూతబడుతుంది. ఆ తర్వాత వాగు పొంగుతుంది. పంతులమ్మకు నిద్ర పట్టలేదు.

చేసేది లేక పెద్దల దగ్గరికి బయలుదేరింది.

మొదట అడవిదున్న దగ్గరికి వెళ్ళింది. ఆయనకు ఏటి ఒడ్డున పచ్చిక, వెనకాల వెలగతోపు.

"నాయకత్వం నేర్పుతున్నావా?" అన్నాడు దున్న, నెమరేస్తూ. "మా దూడకి కొమ్ములొస్తే అదే నాయకుడవుతుంది. దానికి నేర్పేదేముంది?"

నెమలి దగ్గరికి వెళ్ళింది.

"నాట్యం నేర్పుతారా?" అని అడిగింది నెమలి.

"నేర్పం తల్లీ, మాకు రాదు."

"మరి మీ బడితో నాకేం పని?"

చివరికి ఏనుగు పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన అంతా విన్నాడు. విని చాలా కదిలిపోయాడు.

"మంచి పని చేస్తున్నావమ్మా. ఇలాంటి పనులు చేసేవాళ్ళు ఉండబట్టే అడవి ఇంకా పచ్చగా ఉంది" అని తొండం ఆమె తల మీద పెట్టి దీవించాడు. పక్కనే పనసచెట్టు విరగకాసి ఉంది. పంతులమ్మ దాని వైపు చూసింది. ఆయన కూడా చూశాడు. చూసి, మరోసారి దీవించాడు.

తిరిగి వస్తుంటే దారిలో నక్క ఎదురైంది. పేరు జంబుకయ్య. అడవిలో ఏ మంచి పని తలపెట్టినా జంబుకయ్య ఎదురవుతాడు. అది ఆ అడవి ఆనవాయితీ.

"పంతులమ్మగారూ, మీకు అడగడం రాదండీ" అన్నాడు, నిజంగా జాలిపడుతూ. "వెళ్ళి పిల్లలకు ఆకలి అంటున్నారు. ఆకలి అంటే ఎవరిస్తారు? సన్మానం అనండి."

"సన్మానం ఎవరికి?"

"ఇచ్చినవాళ్ళకి. ఒక సభ పెడదాం. పళ్ళు ఇచ్చిన ప్రతివారినీ వేదిక మీద కూర్చోబెట్టి దండ వేసి శాలువా కప్పుతాం. మీరు చూస్తూ ఉండండి, పళ్ళు పెట్టడానికి మీ బడిలో చోటు చాలదు."

పంతులమ్మకు నచ్చలేదు. కానీ పొద్దున బడికి వచ్చిన కుందేలు కూన ఒకటి పాట మధ్యలో సోలిపోవడం గుర్తొచ్చింది. సరేనంది.

జంబుకయ్య అడవి యువ వికాస నిధి సంఘం అని ఒకటి పెట్టి, దానికి తనే అధ్యక్షుడయ్యాడు. కార్యదర్శి కూడా తనే, ఇంకెవరికీ అనుభవం లేదు కాబట్టి. గోరువంకను వ్యాఖ్యాతగా పెట్టుకుని, వాడవాడలా కబురు పంపాడు.

కబురు వెళ్ళిందో లేదో, దున్న వెలగకాయలు పంపించాడు. వాటితోపాటు ఒక ప్రశ్న కూడా పంపించాడు: "నా కుర్చీ మధ్యలోనేనా?" నెమలి రేగుపళ్ళు పంపించి, తనకు శాలువా ఈకలు నలగకుండా కప్పాలని కోరింది. ఏనుగు పెద్దాయన, ముఖ్య అతిథి అని పిలిచేసరికి, స్వయంగా ఒక పెద్ద పనసపండు తెంపి ఇచ్చాడు. నిన్నటిదాకా ఉలకని పలకని వాళ్ళంతా మూటలు మోసుకొచ్చారు. పళ్ళు గుట్టగా పోశారు. ఆ గుట్టను చూసి పంతులమ్మ కళ్ళు చెమర్చాయి. పిల్లలు చుట్టూ చేరి పాట పాడారు.

"ఇంక పెడదామా?" అంది పంతులమ్మ.

"ఆగండి, ఏర్పాట్లు కానివ్వండి" అన్నాడు జంబుకయ్య.

ఏర్పాట్లు మొదలయ్యాయి. శాలువాలు అల్లడానికి గిజిగాళ్ళను పెట్టారు, వాళ్ళ కూలి పళ్ళలోంచే. వేదిక కట్టడానికి కోతులను పెట్టారు, వాళ్ళు కట్టినదానికంటే తిన్నదే ఎక్కువ. గోరువంకకు గొంతు తడుపుకోవడానికి రేగుపళ్ళు. సన్నాహక సమావేశం ఒకటి జరిగింది, అందులో ఫలహారం. ఫలహారం సరిపోలేదని ఫిర్యాదు వస్తే, దాన్ని విచారించడానికి ఇంకో సమావేశం జరిగింది. అందులో ఏనుగు ఇచ్చిన పనసపండు కోశారు.

వేదిక కట్టడానికి చదునైన చోటు వాగులోని ఇసుక తప్ప ఇంకెక్కడా లేదు. అందుచేత బడికి సెలవిచ్చారు. పిల్లలు దాటడం నేర్చుకునే దుంగలనే పీకి వేదికకు వేశారు. పంతులమ్మ అభ్యంతరం చెప్పబోతే, "మీ బడి కోసమే కదండీ ఇదంతా" అన్నాడు జంబుకయ్య.

సభ రోజు వచ్చింది. ఎండ మాడ్చేస్తోంది. ముఖ్య అతిథి ఆలస్యంగా రావాలి కాబట్టి ఏనుగు పెద్దాయన మధ్యాహ్నం దాటాక వచ్చాడు. అప్పుడొక చిక్కు బయటపడింది. అడవిలో దాదాపు ప్రతివారూ ఎంతో కొంత ఇచ్చారు. ఇచ్చినవాళ్ళందరూ వేదిక ఎక్కారు. ఎదురుగా కూర్చుని చూసేవాళ్ళు లేరు.

"పిల్లల్ని కూర్చోబెట్టండి" అన్నాడు జంబుకయ్య. పిల్లల్ని తెచ్చి ఎండలో, ఇసుకలో వరసగా కూర్చోబెట్టారు. చప్పట్లు కొట్టడం వాళ్ళ పని. పంతులమ్మను మాత్రం మర్యాదగా వేదిక మీద ఆఖరి వరసలో, ఒక దున్నకీ ఇంకో దున్నకీ మధ్య ఇరికించారు. అక్కడినుంచి ఆమెకు దున్నల వీపులు తప్ప ఏమీ కనపడలేదు.

సన్మానాలు మొదలయ్యాయి. గోరువంకకు ఒక గుణం ఉంది. చెవిలో ఎవరేం చెప్పినా ఆలోచించకుండా గొంతెత్తి చెప్పేస్తుంది. మంచి వ్యాఖ్యాతకు అంతకంటే ఏం కావాలి? "వదాన్యులు, పచ్చికబయళ్ళ పెన్నిధి, దున్నవారు ఇప్పుడు తమ అమూల్యమైన సందేశం ఇస్తారు" అంది. దున్నవారు సందేశం ఇవ్వడానికి లేచారు. నాయకత్వం అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టారు. తన చిన్నతనం దగ్గర మొదలుపెట్టారు.

మధ్యలో ఏనుగు పెద్దాయన చేత పంతులమ్మకు పనసపండు బహూకరింపజేశారు. లోపల తొనలు లేవు. తొక్కలో గడ్డి కూరి కుట్టారు.

"ఇది నమూనా" అని చెవిలో చెప్పాడు జంబుకయ్య. "అసలుది తర్వాత చూద్దాం."

పంతులమ్మ ఆ తొక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడుపు వచ్చింది. ఇంతమంది పెద్దలు నవ్వుతూ చూస్తుంటే ఏడవడం బాగుండదని ఆపుకుంది.

పిల్లల్లో ముళ్ళచిట్టి అని ఒక ముళ్ళపంది పిల్ల ఉంది. గుండ్రంగా, మొండిగా ఉంటుంది. ఎవరు పక్కన కూర్చున్నా గుచ్చుకుంటుంది కాబట్టి ఎప్పుడూ వరస చివర, నీళ్ళ పక్కనే కూర్చుంటుంది. దానికి నీళ్ళు తేడాగా కనిపించాయి. తేటగా ఉన్న వాగు మట్టిరంగు తిరిగింది. ఎండుటాకులు, పుల్లలు, వాటితోపాటు నురగ కొట్టుకొస్తున్నాయి. ఎగువన కొండల మీద ఆకాశం నల్లగా ఉంది.

పంతులమ్మ ఇసుకలో బొమ్మ గీసి మరీ చెప్పిన పాఠం అది. ఎగువన వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు వచ్చి మీద పడతాయి. ఆకులు కనిపించాక ఆలోచించకూడదు.

ముళ్ళచిట్టి పక్కవాళ్ళకు చెప్పింది. పిల్లలు అరవలేదు, పరిగెత్తలేదు. పెద్ద జింకపిల్లలు కుందేలు కూనల్ని ముందు పెట్టుకున్నారు, కోతిపిల్లలు ఉడత పిల్లల్ని వీపున ఎక్కించుకున్నారు. వరసగా గట్టు మీది గుట్టకు బయలుదేరారు. వేదిక మీద ఎవరూ గమనించలేదు, ఎందుకంటే వేదిక మీదివాళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నారు.

ముళ్ళచిట్టి ఒక్కతే వేదిక ఎక్కింది. "నక్కగారూ, వాగు వస్తోంది. అందరినీ దింపండి."

"సన్మానం మధ్యలో లేవకూడదమ్మా. తప్పు" అన్నాడు జంబుకయ్య, అటు చూడకుండానే.

ఏనుగు దగ్గరికి వెళ్ళింది. "తాతగారూ, నీళ్ళొస్తున్నాయి."

"నేను లేస్తే దున్నకు కోపమొస్తుందమ్మా. ఆయన ముగించాక లేస్తాను."

దున్న ఇంకా తన చిన్నతనంలోనే ఉన్నారు.

పెద్దల్ని ఒప్పించడం కుదరదని ముళ్ళచిట్టికి తెలిసిపోయింది. ఎవరు ఏం వింటారో అదే చెప్పాలి. గోరువంక దగ్గరికి వెళ్ళి చెవిలో ఒక ముక్క చెప్పింది. గోరువంక ఆలోచించకుండా గొంతెత్తింది:

"గుట్ట మీద భోజనాలు వడ్డిస్తున్నారు. మొదటి బంతికే పాయసం ఉంటుంది."

అంతే. దున్న మాట మధ్యలో ఆపేసి దూకాడు. నెమలి ఈకలు నలుగుతాయని కూడా చూసుకోలేదు. ఏనుగు పెద్దాయన కదిలేసరికి వేదిక సగం విరిగింది. దండలు, శాలువాలు, కుర్చీలు అన్నీ తొక్కుకుంటూ అడవిలోని పెద్దలందరూ గుట్ట ఎక్కారు. జంబుకయ్య అందరికంటే ముందున్నాడు. పంతులమ్మ మాత్రం పిల్లలు కూర్చున్న చోటుకు పరిగెత్తింది. అక్కడ ఎవరూ లేరు.

"అందరూ పైనున్నారు పంతులమ్మా" అంది వెనకనుంచి ముళ్ళచిట్టి. "మీరే మిగిలారు. పదండి, నేను వెనకొస్తాను."

వాళ్ళిద్దరూ గట్టెక్కేసరికి వాగు వచ్చింది. వేదిక, దుంగలు, అల్లిన శాలువాలు, గడ్డి కూరిన పనసతొక్క అన్నీ తిరుగుతూ కొట్టుకుపోయాయి. గుట్ట మీదినుంచి అందరూ కొట్టుకుపోతున్న తమ కుర్చీలనే చూస్తూ నిలబడ్డారు.

ముందుగా తేరుకున్నది దున్న.

"మరి భోజనాలేవి?" అన్నాడు.

అప్పుడు అందరికీ కోపం వచ్చింది. ప్రాణాలు దక్కిన సంతోషం కంటే పాయసం దక్కని బాధ పెద్దదని ఆ రోజు అడవి రుజువు చేసింది.

"ఈ పిల్ల అబద్ధం చెప్పించింది" అన్నాడు జంబుకయ్య వేలెత్తి. "పంతులమ్మగారూ, మీరు నేర్పే నాయకత్వం ఇదేనా?"

పంతులమ్మ ముళ్ళచిట్టి వైపు చూసింది. దాని ముళ్ళ నిండా బురద, తడి ఆకులు. వాగులోంచి అందరికంటే ఆఖరున ఎక్కింది అదే.

"ఇదేనండి" అంది పంతులమ్మ. ఆ మాట అంటున్నప్పుడు, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు వచ్చేసింది. ఈసారి ఆపుకోలేదు.

"అదంతా సరే" అన్నాడు దున్న. "నా సందేశం సగంలో ఆగింది. శాలువా కూడా పోయింది. ఇంకో సభ పెట్టాల్సిందే."

"నాకు దండే వేయలేదు" అంది నెమలి.

పంతులమ్మ నీరసంగా నక్క వైపు చూసింది. నక్క మొహం అప్పుడే విప్పారుతోంది. అంతలో ముళ్ళచిట్టి ముందుకొచ్చింది.

"తప్పకుండా పెడదామండీ" అంది వినయంగా. "రేపే పెడదాం. ఇదే వాగులో, ఇదే చోట. నీళ్ళు తగ్గేదాకా ఆగక్కర్లేదు, వేదిక ఎత్తుగా కడతాం. పేరు పిలిచినవాళ్ళు ఎక్కి, మిగతావాళ్ళందరి సందేశాలు పూర్తయ్యేదాకా కూర్చోవాలి. మధ్యలో లేవకూడదు, తప్పు."

అందరూ వాగు వైపు చూశారు. వాగు ఎర్రగా ఉరుముతోంది.

"అందరం ఎక్కాలా?" అన్నాడు ఏనుగు పెద్దాయన మెల్లిగా.

"లేదు తాతగారూ. బడికి పళ్ళు ఇచ్చినవాళ్ళను ఇబ్బంది పెట్టం. ఇవ్వనివాళ్ళకే సన్మానం."

"మేం ఇచ్చాం కదా?"

"అవి శాలువాలకు అయిపోయాయండీ. బడికి ఇంకా ఎవరూ ఇవ్వలేదు."

పెద్దలందరికీ ఒక్కసారిగా ఇంటి దగ్గర పనులు గుర్తొచ్చాయి.

మర్నాడు తెల్లారేసరికి పంతులమ్మ గుహ ముందు పళ్ళ గుట్ట ఉంది. వెలగకాయలు, రేగుపళ్ళు, నిజంగా లోపల తొనలున్న పనసపళ్ళు. ఎవరు పెట్టారో తెలియదు. ఒక్కరూ పేరు చెప్పలేదు. దున్న మాత్రం పొదచాటునుంచి గొంతు తగ్గించి, "నేనిచ్చాను, ఆ పిల్లకు ఒక మాట చెప్పు. నా పేరు మాత్రం ఎక్కడా చదవొద్దు" అని వెళ్ళిపోయాడు.

బడి గుట్ట మీదికి మారింది. మధ్యాహ్నం పిల్లలందరూ తొనలు తింటూ, గింజలు ఎవరు దూరం ఉమ్మగలరో పందెం వేసుకున్నారు. సోలిపోయిన కుందేలు కూనే గెలిచింది. ప్రతి ఏడూ వానలకు ముందు ముళ్ళచిట్టి ఊరికే అలా వాగు ఒడ్డున దుంగలు దొర్లిస్తూ కనిపించేది. అది చూసినవాళ్ళు చూసినట్టే ఇంటికి పరిగెత్తి మూట కట్టేవారు.

జంబుకయ్య కూడా ఇచ్చాడు, ఎండ్రకాయలు. పిల్లలెవరూ తినరని తెలిసే ఇచ్చాడు. కానీ ఇచ్చాడు.

నీతి: మంచి పనికి విరాళాలు కావాలంటే పెద్దలకు శాలువా కప్పకూడదు, కప్పుతామని బెదిరించాలి.