చెంచురామయ్య గారి చర్చలు

"నోటీసు లేకుండా ఉద్యోగిని తీసేసే యాజమాన్యం ఉదయగిరి గడ్డ మీద ఉండటానికి వీల్లేదు!" అని ప్రైవేటు స్కూళ్ల ఉద్యోగుల యూనియన్ గౌరవాధ్యక్షులు చెంచురామయ్య గారు మైకులో గర్జించారు. ఆయన గర్జిస్తే ఎవరికైనా ఒళ్లు జలదరించాల్సిందే. ఎస్తేరమ్మకైతే కళ్లనీళ్లే వచ్చాయి. నోటీసు లేకుండా తీసేసింది ఆమెనే. తీసేసిన స్కూలు చెంచురామయ్య గారిదే.

సీతారామపురం వైపు పిల్లల్ని స్కూలు బస్సులో ఎక్కించి దించే ఆయా ఆమె. రేపటి నుంచి రావద్దని వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టారు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ జీతంతోనే. ఆత్మకూరులో లేబర్ ఆఫీసరుకు చెప్పుకుందామని బయల్దేరితే గౌరవాధ్యక్షులే అడ్డం పడ్డారు.

"ఆఫీసుల చుట్టూ తిరిగితే ఏళ్లు పడతాదిమ్మే. యాజమాన్యంతో నేను మాట్లాడతా గదా!"

"యాజమాన్యం మీరే గదయ్యా?"

"అందుకే చెప్తుండా. నా మాట కాదనడు."

ఆ మాటలో న్యాయం ఉంది కాబట్టి ఆమె ఆగింది.

చర్చలకు ఆయనొక్కరే స్కూలు ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. బయట షామియానా కింద ఎస్తేరమ్మ, కార్యకర్తలు కూర్చున్నారు. లోపలి నుంచి కేకలు మొదలయ్యాయి.

"పేదరాలి పొట్ట కొడతావా?"

"స్కూలు నష్టాల్లో ఉండాది, నన్నేం చెయ్యమంటావు?"

"చెప్పడానికి సిగ్గుండాలి!"

బల్ల గుద్దిన చప్పుడు. కార్యకర్త డేవిడ్‌రాజు చెమట తుడుచుకున్నాడు.

"అన్న అస్సలు తగ్గడంలేదక్కా!"

"ఏ అన్న?" అంది ఎస్తేరమ్మ. అతను ఆలోచనలో పడ్డాడు.

మధ్యలో చెంచురామయ్య గారు చర్చల్ని బహిష్కరించి బయటికొచ్చారు. యాజమాన్యం మొండి వైఖరిని ఖండిస్తూ టీ తాగారు. యాజమాన్యం దిగొచ్చి మళ్లీ పిలిచిందని లోపలికి వెళ్లారు. ఈసారి బయటికొచ్చేటప్పుడు చేతిలో ఒప్పంద పత్రం ఉంది.

"గెలిచినాం! ఉద్యోగం, జీతం రెండూ లేవని వాళ్లు. రెండూ కావాలని మనం. చెరిసగానికి ఒప్పించినాను. ఉద్యోగం ఉంటాది, జీతం ఉండదు!"

టపాకాయలు పేలాయి. ఆయన మెడలో పూలదండ పడింది. ఎస్తేరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"యాజమాన్యం తరఫున ఈ సంతకం ఎవురిదయ్యా?"

"నాదే."

"యూనియన్ తరఫున?"

"అదీ నాదేమ్మే."

"ఇంక నాదొక్కటీ ఏం పాపం చేసిందయ్యా? అదీ మీరే పెట్టుకోండి" అని చెప్పులు తొడుక్కుని బస్టాండుకేసి నడిచింది.

ఆత్మకూరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చెంచురామయ్య గారి మైకు బస్టాండు దాకా బాగానే వినపడుతోంది.

"మూడు పక్షాలూ సంతకాలు పెట్టినాయి! తృప్తేనా ఎస్తేరమ్మా?"

జవాబు కూడా మైకులోనే వచ్చింది.

"తృప్తే సార్!"

ఆ గొంతు కూడా ఆయనదే.