షట్చోక విజయము, అనగా ఆరు ట్యూబులైట్ల కథ

విటోషా పర్వతమునకు పడమటి దిక్కున, ఆలూబుఖారా తోటలును రాతిగోడలును గల గోర్నో ద్రెనొవో గ్రామమున, శరత్కాలమున, ఇంటింటి పెరటిలోను ఇనుప పెనముపై ఎఱ్ఱని బుట్టమిరపకాయలు కాలుచు ఊరెల్ల పొగవాసనతో నిండియున్న ఒకానొక గురువారపు మధ్యాహ్నమున, విద్యుద్విద్యావిశారదుడును, శతాధికఫ్యూజుసంధాయకుడును, నిచ్చెనారోహణధురంధరుడును, ఉభయజానుపీడాపరాయణుడును అగు రాంగెలు పఠనమందిరపు కప్పువైపునకు తల యెత్తి చూచెను. ఇంత పొడుగు వాక్యమునకు ఫలమేమనగా, ఒక ముసలి కరెంటుపనివాడు ట్యూబులైటు చూచినాడు. శ్రోతలు మన్నింపవలెను, ఈ కథకునకు చిన్న వాక్యములు వ్రాయుట చేతకాదు.

పేరు పఠనమందిరమే గాని అందు చదువువారు తక్కువ, పాడువారు ఎక్కువ. దాని కప్పున ఆరు ట్యూబులైట్లు ముప్పదియేండ్లుగా మినుకుమినుకుమనుచు, కందిరీగలవలె రొద చేయుచు వ్రేలాడుచున్నవి. పోయినయేడు జిల్లా సంగీతసంఘమువారు వచ్చి ఊరి ఆడువారి పాటను కెమెరాలో పట్టగా, ఆ మినుకు పుణ్యమున బొమ్మనిండ నల్లచారలు పడెను. ఈ శనివారము వారు మరల వచ్చుచున్నారు. కావున మందిరపు కార్యదర్శినియు, పాటబృందమునకు నాయకురాలును అగు రాదోస్వెతా నడుమున చేతులుంచి యిట్లు పలికెను:

"బాబాయ్, చారల గాడిదల్లా ఉన్నామని మా మరిది ఇప్పటికీ నవ్వుతున్నాడు. శనివారంలోగా ఆ చోకులన్నీ మార్చెయ్."

"మార్చేస్తాలే. ఏ రకం వెయ్యమంటావ్?"

"నన్నడుగుతావేంటి? కరెంటోడివి నువ్వా, నేనా?"

ఏ రకము? ఈ రెండు మాటలే రాంగెలు నిద్రాహారములను హరించిన మహాప్రశ్న. నిజమునకు నిద్ర హరింపలేదు, మధ్యాహ్నపు కునుకు మాత్రమే పోయెను. అతడు టోపీ పెట్టుకొని, బాల్యమిత్రుడగు క్రుము యొక్క సామానుల దుకాణమను యుద్ధభూమికి బయలుదేరెను.

అచట బల్లపై ప్రతిపక్షములు రెండును ఎదురెదురుగా మోహరించెను. ఒకవంక ఇనుపచోకు: తామ్రతంత్రీవేష్టితగాత్రము, ఇటుకవలె బరువు, స్టార్టరు తోడు లేనిదే కన్ను తెఱవదు, తెఱచిన పిదప రొద మానదు. మఱియొకవంక ఎలక్ట్రానిక్ చోకు: తెల్లనిది, తేలికది, మినుకులేనిది, మౌనవ్రతధారిణి.

"ఇనపదే తీసుకోరా," అనెను క్రుము. "కాలిమీద పడితే కాలు విరుగుద్ది గానీ అది విరగదు. ఆ తెల్లదుందే, నాలుగు ఉరుములు ఉరిమితే చచ్చూరుకుంటది."

"ఇనపదేస్తే మళ్ళీ మొహాల మీద చారలేరా. పైగా ఆ రొద."

"రొద పెడితే నీకేం? మీ ఆవిడ పెట్టట్లా?"

"అందుకేరా, రెండోది ఎందుకని."

గంటంబావు సేపు రాంగెలు రెంటిని రెండు చేతులందు తూచెను. కళ్ళజోడు ఇంట మరచినందున అట్టపెట్టెపై వ్రాతను చేయి చాపి, వెనుకకు వంగి, మూడుమారులు చదివి, ఒక ముక్కయు తెలియక, తెలిసినట్లు తల పంకించెను. తుదకు ఇనుపచోకును బల్లపై నుంచి, ఓ లోహపిండమా, త్రింశద్వర్షరోదనప్రియమా, నీ కాలము చెల్లినది, నిశ్శబ్దయుగమునకు దారి విడువుము అని శపించెను. ఈ శాపమును మనసులోనే పలికెను. పైకి పలికినచో క్రుము సాయంకాలమునకే ఊరంతయు చెప్పును.

అటుపిమ్మట జరిగిన నిచ్చెనసంగ్రామమును వర్ణింప ఆదిశేషునకైనను వశముగాదు, గనుక క్లుప్తముగా చెప్పెదను. ఆరుమారులు ఎక్కెను, ఆరుమారులు దిగెను, మరచిన స్క్రూడ్రైవరు కొఱకు ఏడవమారును దిగెను. సున్నపు పెచ్చులు నెత్తిన రాలెను, మరమేకు ఒకటి మెడపట్టీలోనుండి వీపునకు జారి చలిచీమవలె తిరుగాడెను. పాత చోకులను గుర్తేమియు పెట్టకయే ఒక చెక్కపెట్టెలో కుమ్మరించెను. స్విచ్చి నొక్కగా ఆరు దీపములును ఒక్క త్రుటిలో, ఱెప్పపాటైనను లేక, సద్దైనను లేక వెలిగెను. రాంగెలు ఇంటికి పోయి విజయోత్సాహమున నాలుగు మిరపకాయలు అధికముగా తినెను.

శుక్రవారము సాయంకాలము పాటసాధన. తన దీపములను చూచుకొని మురియుటకు రాంగెలును వచ్చి గోడవార నిలిచెను. ఆ ప్రాంతపు పాట ఎట్టిదనగా, ఒకతె పైన పాడును, తక్కినవారు క్రింద ఒకే స్వరమును శ్రుతిగా పట్టి నిలుతురు. ఆ శ్రుతికి ముప్పదియేండ్లుగా మూలస్తంభము డెబ్బదియాఱేండ్ల త్సేనా. రాంగెలు పెండ్లిలో పాడినది ఆమె. అతని తల్లిని సాగనంపిననాడు పాడినదియు ఆమెయే. ఎప్పటివలె మూడవ దీపము క్రింద నిలిచి త్సేనా గొంతెత్తెను. స్వరము నిలువలేదు. వణకెను, క్రిందికి జాఱెను, దానితో పాటయు జాఱెను. మరల పాడిరి, మరల జాఱెను. మూడవమారు రాదోస్వెతా చేయెత్తి ఆపెను.

"త్సేనా అమ్మమ్మా, అలసిపోయినట్టున్నావ్. రేపటికి మా మేనకోడల్ని నిలబెడతాలే. నువ్వు ముందు వరసలో కూర్చుని విందువుగానీ."

"నేను వినాలా?" అనెను త్సేనా. "సరే. వింటాలే."

తలగుడ్డ ముడివేసికొని వెడలిపోయెను. ఎవరినో ఒకరిని తిట్టనిదే గడప దాటని త్సేనా, ఆనాడు ఎవరినైనను ఒక్క మాటయు అనలేదు. అది చూచి రాంగెలునకు భయము వేసెను.

అతడు మూడవ దీపము వంక చూచెను. అది మౌనముగా ప్రకాశించుచుండెను. అప్పుడు తెలిసినది. ముప్పదియేండ్లుగా త్సేనా శ్రుతి పుచ్చుకొన్నది ఆ దీపపు రొదనుండియే. ఆమె ఎఱుగునో ఎఱుగదో దేవునికి తెలియును. ఎఱిగినను చెప్పదు, ఆ సీమవారికి పంతము తల్లిపాలతో వచ్చును. ఆ ఆధారమును వెదకి వెదకి, గంటంబావు తూచి, ఏడుమారులు నిచ్చెనయెక్కి ఊడబెఱికిన మహావీరుడు తానే. అతనికి సిగ్గు వేసెను.

శనివారము ప్రొద్దున రాంగెలు తన పెరటిలో బల్లపై ఒక పాత ట్యూబులైటు పట్టీని బిగించి, చెక్కపెట్టెను ప్రక్కన పెట్టుకొనెను. ఆఱింటిలో మూడవ దీపపు చోకు ఏదో బ్రహ్మకైనను తెలియదు. తెలిసినది ఒక్క చెవికే. కావున మిరపకాయల తొక్క వలుచుటకు సాయము రమ్మని త్సేనాకు కబురంపెను. ఆ పనికి పిలిచిన రాననువారు ఆ ఊర లేరు.

"పట్టపగలు దీపమేంట్రా? ఎండ కనపడట్లా?"

"పరీక్ష చేస్తున్నా పిన్నీ. నువ్వు వలుస్తా ఉండు."

మొదటి చోకు డొక్కు డబ్బావలె గడగడలాడెను. త్సేనా మిరపకాయ వలిచెను. రెండవది పలుకనేలేదు. మూడవదానికి, "ఆపరా దాన్ని, పళ్ళు జివ్వుమంటన్నాయ్" అనెను. రాంగెలు నాలుగవదానిని తగిలించెను. అది అణగి, నిలకడగా, ఝుమ్మని మ్రోగెను. త్సేనా తల యెత్తలేదు. వ్రేళ్ళు తొక్క లాగుచునే యుండెను. కాని ఆమె గొంతునుండి ఆ పాత శ్రుతి, రాతిగోడవలె గట్టిది, వెలువడి పెరడంతయు నిండెను. రాంగెలు కదలలేదు, పెనము వద్ద అతని ఇల్లాలును కదలలేదు.

"ఏంటలా చూస్తారు? అక్కడ మాడిపోతన్నాయ్ చూసుకోండి," అనెను త్సేనా.

మోకాళ్ళు మొఱపెట్టగా ఎనిమిదవమారు నిచ్చెనయెక్కి, మూడవ దీపమునకు ఆ చోకును, దాని స్టార్టరును బిగించి దిగునప్పటికి రాదోస్వెతా వచ్చెను.

"ఇదేంటి బాబాయ్, ఇదొక్కటీ మళ్ళీ మోగుతోంది?"

"మోగనీ అమ్మాయ్. త్సేనా పిన్ని గుమ్మంలో ఉంది. ఒక్కసారి పాడనిచ్చి చూడు, ఆ తర్వాత నీ ఇష్టం."

త్సేనా పాడెను. రాదోస్వెతా మేనకోడలిని ముందు వరుసలో కూర్చుండబెట్టెను.

ఇంతలో కెమెరావాడు చెవి నిక్కించి, "ఆ లైటేదో రొద పెడుతోందండీ, ఆర్పేస్తాను," అని స్విచ్చుపలక వైపు నడిచెను. అంతట రాంగెలు, శత్రుసేనావారణదుర్గప్రాకారమట్లు, లేదా కోళ్ళను తోలు ఇల్లాలివలె, చేతులు రెండును బార్లచాపి అడ్డముగా నిలిచెను.

"మిగతా అయిదూ ఆర్పుకో బాబూ. దీని జోలికొస్తే మాత్రం ఊరుకోను."

వాడు చిత్తమని వెనుదిరిగెను. పాట ఒక్క జాఱుపాటును లేక సాగెను. వీడియోలో ఒకే ఒక చార త్సేనా తలగుడ్డ అంచున పాకెను. అది అల్లిక పని అని అందఱును మెచ్చుకొనిరి.

పోవుచు త్సేనా అతని ప్రక్కన ఒక్క క్షణము ఆగెను.

"రాంగెలూ, ఆ పెట్టెలో మిగిలినవి పారెయ్యకు. ఇది పోతే మళ్ళీ నన్ను మిరపకాయలకి పిలుద్దువుగానీ."

ఈ కథ విన్నవారి ఇంట స్టార్టరు త్రిప్పకయే దీపము వెలుగును. వెలుగనిచో కథకుని తిట్టక క్రుము దుకాణమునకు పోవలెను. ఇట్లు గోర్నో ద్రెనొవో మహాసంగ్రామమున, తాను ఊడబెఱికిన చోకును తానే మరల బిగించి, బయలుదేరిన చోటికి ఆఱింట ఒక వంతు తిరిగివచ్చి, రాంగెలు విజయుడయ్యెను. అయిదు దీపములు మౌనముగా వెలిగెను. ఒక్కటి శ్రుతి పట్టెను.